చుక్కలక్క మూడు పైథాన్లు

చూపులేని పిల్లలకు పుస్తకాలు అచ్చువేసే బ్రెయిలీ ప్రెస్సులో, మేడమీద చివరి గదిలో ఒక కంప్యూటరు ఉంది. దాన్ని చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. ఒకప్పుడు తెల్లగా ఉండేదట, ఇప్పుడు పసుపుపచ్చగా మారిపోయింది. దాని మీద కప్పిన గుడ్డ, పుస్తకాల అట్టలకు వాడగా మిగిలిన ముక్కలు కలిపి కుట్టింది. ఆ గుడ్డకు పిన్నుతో గుచ్చిన కాగితం మీద ఇలా రాసి ఉంటుంది: "ముట్టుకునే ముందు నన్ను అడగండి. నేను లేకపోతే వచ్చేదాకా ఆగండి." కింద సంతకం లేదు. ఉండనక్కర్లేదు కూడా, ఆ ప్రెస్సులో అలా రాయగల మనిషి ఒక్కతే. అందరూ ఆమెను చుక్కలక్క అంటారు. బ్రెయిలీ అంటే కాగితం మీద ఉబికి ఉండే చుక్కలే కదా, ఆ చుక్కల బాగోగులన్నీ ఆమెవి, అందుకని ఆ పేరు.

చుక్కలక్క ఇంజనీరు కాదు. ఈ మాట ముందే తేల్చేయాలి, ఎందుకంటే ఆమె సంగతి విన్న ప్రతివాళ్ళూ మొట్టమొదట అడిగేది "ఏం చదివిందేమిటి?" అనే. ఏం చదివితే మీకెందుకండీ? బడి చదువు సగంలో ఆగింది, చాలా? పన్నెండేళ్ళ కిందట, పుట్టుకతోనే చూపులేని నాలుగేళ్ళ కూతుర్ని చంకనేసుకుని, పిల్లకు ఒక కథల పుస్తకం దొరుకుతుందేమోనని ఆ ప్రెస్సు మెట్లెక్కింది. మేనేజరమ్మ ఆమెను కూర్చోబెట్టి, పుస్తకం అచ్చయితే అయింది గానీ బైండరు మానేసి వెళ్ళిపోయాడు, కాగితాలన్నీ విడివిడిగా పడి ఉన్నాయి, వచ్చే నెల రండి అంది. చుక్కలక్క వచ్చే నెల దాకా ఆగే రకం కాదు. సూదీ దారం ఇమ్మని అడిగి అక్కడే చాప మీద కూర్చుని కుట్టేసింది. ఆ రోజు కుట్టిన పుస్తకం కూతురికి, మర్నాటినుంచి కుట్టినవన్నీ మిగతా పిల్లలకి.

బ్రెయిలీ పుస్తకం బైండింగు అందరూ అనుకునేటంత తేలిక కాదు. మామూలు పుస్తకాన్ని కుట్టాక బరువు పెట్టి అదుముతారు. దీన్ని అదిమితే చుక్క నలిగిపోతుంది, చుక్క నలిగితే ఒక అక్షరం ఇంకో అక్షరమై కూర్చుంటుంది. కాబట్టి ప్రతి రెండు కాగితాల మధ్యా, వీపు దగ్గర మాత్రమే, సన్నటి అట్టపట్టీ పెట్టి గాలి ఆడేలా కుట్టాలి. ఆ పట్టీ వాడకం ఆమె వచ్చిన మూడో వారంలో ఆమె కనిపెట్టిందే. ఎవరూ చెప్పలేదు. నలిగిన చుక్కను వేలితో తడిమి, ఇది నా బిడ్డ చదివితే ఏమనుకుంటుంది అని ఒక్క నిమిషం ఆలోచించింది, అంతే.

అక్షరాలు నేర్పింది ప్రూఫ్ బాబాయి. ఆయనకూ చూపు లేదు. అచ్చయిన ప్రతి కాగితాన్నీ రెండు చూపుడువేళ్ళతో చదివి, బాగుంటే కింద మూల మీద సూదితో పొడిచి తన గుర్తు వేస్తాడు. మొదటి ప్రతి మీద ఆ గుర్తు పడనిదే రెండో ప్రతి అచ్చుకు పోదు. మధ్యాహ్నం డబ్బాలు కడిగేశాక చుక్కలక్కను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కాగితం మీద తువ్వాలు కప్పి, కింద చెయ్యి పెట్టి చదవమనేవాడు. వేళ్ళతో చదవమంటే దొంగచాటుగా కళ్ళతో చదువుతావేమిటమ్మా అని విసుక్కునేవాడు. ఆర్నెల్లకు ఆమె కళ్ళు మూసుకుని చదవడం మొదలుపెట్టింది. ఇంటికి వెళ్ళి కూతురితో పందేలు వేసేది, ఓడిపోయేది.

ఇక కంప్యూటరు. లెక్కల పుస్తకాల్లో బొమ్మలుంటాయి కదా, త్రిభుజాలు, వృత్తాలు, గ్రాఫులు. వాటిని చుక్కల గీతలుగా మార్చే ప్రోగ్రామును ఒక లెక్కల మాస్టారు ఊరికే, సేవగా, వారానికోసారి వచ్చి రాసిపెట్టాడు. తలుపు కమ్మీ తలకు తగిలేంత పొడుగు మనిషి, అందుకని పొడుగాయన అనేవారు. ఏడాది తిరక్కుండానే ఆయనకు వేరే చోటికి బదిలీ అయింది. ఆఖరి రోజు అందరూ టీ ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి సాగనంపుతుంటే, చుక్కలక్క ఒక్కతే అడిగింది, "ఇది రేపొద్దున పనిచెయ్యకపోతే నేనేం చెయ్యాలి సార్?" అని. పొడుగాయన ఆమె వంక ఒక్క క్షణం చూసి, భుజాన వేసుకున్న సంచీ దించి మళ్ళీ కూర్చున్నాడు. మూడు గంటలు చెప్పాడు. ఆమె ప్రతి మాటా ఒక నోటుబుక్కులో ఎక్కించుకుంది. అర్థమైనదీ రాసింది, కానిదీ రాసింది, కానిదాని పక్కన సున్నా చుట్టుకుంది. నాలుగేళ్ళలో ఆ సున్నాలన్నీ ఒక్కొక్కటే కొట్టేసింది చూడండి, అదీ ఆమె చదువు.

పొడుగాయన ప్రోగ్రాము రాసింది పైథాన్ అనే భాషలో. కంప్యూటరుతో పని చేయించుకునే భాషల్లో అదొకటి. భాష అన్నాక మారకుండా ఉంటుందా? కొన్నేళ్ళకు మూడో తరం పైథాన్ వచ్చింది, రెండో తరంలో చెల్లిన మాటలు కొన్ని అందులో చెల్లవు. పొడుగాయనది రెండో తరం. చుక్కలు పొడిచే పెద్ద మిషను కొన్నప్పుడు దాన్ని నడిపే ప్రోగ్రాము మూడో తరంలో తొలినాటి పైథాన్ కావాలంది. ఆ తరవాత మామూలు అక్షరాలను బ్రెయిలీలోకి మార్చే ప్రోగ్రాము వచ్చింది, దానికి సరికొత్తది తప్ప పనికిరాదు. దాన్ని పెట్టడానికి వచ్చినతను, పాత పైథాన్లు తీసేసి కొత్తది పెడతానన్నాడు.

"కొత్తవాడొస్తే పాతవాణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొట్టాలా? వేరే గది ఇవ్వలేరా?" అని అడిగింది చుక్కలక్క.

అతను నవ్వబోయి ఆగిపోయాడు. ఇవ్వొచ్చు. ఒకే కంప్యూటరులో మూడు పైథాన్లు, మూడు వేరువేరు ఫోల్డర్లలో, ఒకదాని జోలికి ఒకటి పోకుండా ఉండొచ్చు. ఎవరూ అడగరు గనక ఎవరూ చెప్పరు, అంతే. ఆ రోజునుంచి ఆ కంప్యూటరులో ముగ్గురు కాపురమున్నారు. చుక్కలక్క వాళ్ళకు వయసును బట్టి పేర్లు పెట్టింది: పెద్దోడు, నడిపోడు, చిన్నోడు. ఏ ప్రోగ్రాముకు ఎవరు కావాలో నోటుబుక్కులో పట్టీ రాసింది. ప్రతి ప్రోగ్రాము మొదటి వరుసలోనూ ఎవరు రావాలో నంబరుతో సహా రాయించింది. "ఒరేయ్" అని కేకేస్తే ముగ్గురిలో ఎవడొస్తాడో తెలీదు, పేరు పెట్టి పిలిస్తే పిలిచినవాడే వస్తాడు అనేది ఆమె సిద్ధాంతం. పెద్ద పెద్ద ఆఫీసుల్లో కోట్లు వేసుకున్నవాళ్ళు కూడా ఈ ఒక్క ముక్క మరిచిపోయి జుట్టు పీక్కుంటారని తరవాత ఒక పెద్దమనిషి ఒప్పుకున్నాడు.

ఇంకో ఆచారం కూడా పెట్టింది. కంప్యూటరులో ఎంత చిన్న మార్పు చేసినా, మార్చగానే ఒక కాగితం అచ్చువేయాలి. దాని మీద ఒక మూలనుంచి బయల్దేరే ఐదు గీతలుంటాయి: ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, మధ్యలో మూడు ఏటవాలుగా. చాపిన అరచెయ్యిలా ఉంటుంది గనక దాన్ని ఐదువేళ్ళ కాగితం అనేవారు. ప్రూఫ్ బాబాయి దాన్ని తడిమి గుర్తు వేస్తేనే అసలు పని మొదలు. పదకొండేళ్ళ ఐదువేళ్ళ కాగితాలు ఒక దొంతరగా బీరువాలో ఉన్నాయి.

అన్నీ ఇంత పద్ధతిగా నడుస్తున్నప్పుడే వచ్చిపడింది ఈ ఏటి చిక్కు. కూతురికి పదహారు నిండాయి, బడి చివరి పరీక్ష రాయాలి. చూపులేని పిల్లలకు ఆ పరీక్ష ప్రశ్నపత్రాలు అచ్చయ్యేది ఈ ప్రెస్సులోనే, ఆ మేడమీది గదిలోనే, ఆ కంప్యూటరులోనే. నియమం స్పష్టంగా ఉంది: సొంత మనుషులు పరీక్ష రాస్తుంటే, ప్రశ్నపత్రం వచ్చిన రోజునుంచి పరీక్ష అయ్యేదాకా ఆ గది గడప తొక్కకూడదు. ఎవరూ గుర్తుచేయకముందే చుక్కలక్క తనే కాగితం రాసి, తాళంచెవితో సహా మేనేజరమ్మ చేతిలో పెట్టింది. మేనేజరమ్మ, నువ్వు చూసినా కూతురికి చెప్పేదానివి కాదని నాకు తెలుసు కదమ్మా అంది. మీకు తెలుసు, నా కూతురి పక్కన కూర్చుని రాసే పిల్లల అమ్మలకు తెలీదు కదండీ అంది చుక్కలక్క.

ఆమె బదులు ఆ గదిలోకి వచ్చింది పెద్దాఫీసు పంపిన కొత్త ఇంజనీరు. ముప్ఫై దాటిన మనిషి, నెమ్మదస్తుడు, తెలివైనవాడు. అన్ని ప్రెస్సుల కంప్యూటర్లనూ ఒకే పద్ధతిలోకి తేవడం అతని ఉద్యోగం. చుక్కలక్క ఇచ్చిన నోటుబుక్కు రెండు చేతులా అందుకుని, చాలా థ్యాంక్సండీ అని సొరుగులో పెట్టి, సొరుగు మూసేశాడు. రెండో తరం పైథాన్‌ను దాన్ని తయారుచేసినవాళ్ళే ఏనాడో వదిలేశారు, దానికి కొత్త మరమ్మతులు రావు, అలాంటిదాన్ని ఉంచడం మంచిది కాదు అనేది అతని వాదన. అందులో అబద్ధమేమీ లేదు. ఆ సంగతి తెలిసే చుక్కలక్క ఆ కంప్యూటరుకు ఏనాడూ ఇంటర్నెట్టు తగలనివ్వలేదు. కానీ అతను అడగలేదు, ఆమె కింద బైండింగు హాల్లో ఉంది. అతను పెద్దోణ్ణి తీసేశాడు. పొడుగాయన ప్రోగ్రామును చిన్నోడికి అర్థమయ్యేలా మార్చాడు. మార్చేటప్పుడు వచ్చిన తప్పులన్నీ కంప్యూటరు చూపించింది, చూపించిన ప్రతి తప్పూ అతను ఓపిగ్గా దిద్దాడు. ఇక తప్పు లేదంది కంప్యూటరు. నడిపోణ్ణి తీయబోతే మిషను మొరాయించింది గనక వాణ్ణి ఉండనిచ్చాడు. ఐదువేళ్ళ కాగితం మాట నోటుబుక్కు మొదటి పేజీలోనే ఉంది, నోటుబుక్కేమో సొరుగులో ఉంది.

నాలుగో రోజు పొద్దున పదకొండు గంటలకు లెక్కల పత్రం మిషనెక్కింది. సాయంత్రం నాలుగుకు వ్యాను వస్తుంది. నూట నలభై మూడు మంది పిల్లలకు నూట నలభై మూడు ప్రతులు.

చుక్కలక్క కింద హాల్లో వేరే పుస్తకాలు కుడుతోంది. పైకప్పులోంచి మిషను చప్పుడు ఆమెకు పన్నెండేళ్ళుగా అలవాటే. అక్షరాలు పొడిచే చప్పుడు వేరు, బొమ్మలు పొడిచే చప్పుడు వేరు. బొమ్మ మొదలైంది. టకటక, టకటక, టకటక అని జంటలుగా నడవాల్సిన చోట, టకటకటక, టక, టకటకటక, టక అంది. సూది చేతిలోనే ఆగిపోయింది. ఎవరో మెట్లమీద కుంటుతూ దిగుతున్నట్టుంది ఆ చప్పుడు. కూతురి వేలు ఆ కాగితం మీద పడి తడబడటం కళ్ళకు కట్టింది. తన కూతురొక్కతేనా, నూట నలభై రెండు మంది ఇంకా ఉన్నారు. సరళరేఖను మెట్లనుకుంటే ఏ పిల్ల ఏం రాస్తుంది?

మేడమీదికి పరుగున వెళ్ళింది గానీ తలుపుకు మూడడుగుల దూరంలో ఆగిపోయింది. లోపల అప్పటికే మాటలు పెరుగుతున్నాయి. ప్రూఫ్ బాబాయి గుర్తు వేయనని భీష్మించుక్కూచున్నాడు. ఇంజనీరు తెర మీద చూసి, గీత బాగానే ఉందండీ, ఒకటి రెండు చుక్కలు అటూ ఇటూ అయ్యుంటాయంతే అంటున్నాడు. నీ కంటికి బాగానే ఉంటుంది నాయనా, ఈ పత్రం కళ్ళతో చదివేవాళ్ళకు కాదు కదా అంటున్నాడు బాబాయి. మేనేజరమ్మ ఇద్దరి మధ్యా నిలబడి గడియారం చూసుకుంటోంది.

చుక్కలక్క తలుపు తట్టి, గోడవైపు తిరిగి నిలబడింది. "బాబాయ్, నేనే. లోపల ఏముందో నాకు చెప్పకు. ఏ బొమ్మో కూడా అనకు. నేను వినకూడదు."

"చెప్పడానికి నాకు మతిపోయిందా అమ్మా. గుర్తు మాత్రం వెయ్యను. అంతవరకే చెప్తాను."

"వెయ్యకు. ఐదువేళ్ళ కాగితం తీశారా?"

లోపల సొరుగు తెరిచిన చప్పుడు, నోటుబుక్కు పేజీ తిప్పిన చప్పుడు వినిపించాయి. ఐదు నిమిషాలకు మిషను ఒక్క కాగితం పొడిచింది. అందులో రహస్యమేమీ లేదు గనక మేనేజరమ్మ దాన్ని తలుపు సందులోంచి బయటికి ఇచ్చింది. చుక్కలక్క వరండా బల్ల మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. మూలనుంచి మొదలుపెట్టి ఒక్కో గీత మీదా వేలు నడిపింది. అడ్డగీత బాగుంది. నిలువుగీత బాగుంది. నడిమి ఏటవాలు గీత నున్నగా సాగింది. రెండోదీ నాలుగోదీ మాత్రం మెట్లు మెట్లుగా తగిలాయి: మూడు చుక్కలు ఒక వరుసలో, పైన ఒక్కటి, మళ్ళీ మూడు. రెండేసి చొప్పున ఎక్కాల్సిన గీతలవి. ఆ రెండు గీతలకూ ఉన్న పోలిక ఒక్కటే, ఒక్కో అడుగుకు సరిగ్గా అర చొప్పున జరుగుతాయి.

"ఇంజనీరు బాబూ," అంది తలుపు దగ్గరికి వచ్చి, "కొత్త పైథాన్‌ను ఒక లెక్క అడగండి. అరను దగ్గరి పూర్తి అంకెకు మార్చమనండి. ఎంతంటుంది?"

కీబోర్డు చప్పుడైంది. "సున్నా."

"ఒకటిన్నర?"

"రెండు."

"రెండున్నర?"

ఈసారి కీబోర్డు రెండుసార్లు చప్పుడైంది. "రెండే అంటోందండి. మూడున్నరకు నాలుగు."

"పెద్దోడైతే ఒకటి, రెండు, మూడు, నాలుగు అనేవాడు. అర వస్తే వాడెప్పుడూ పైమెట్టే ఎక్కుతాడు. చిన్నోడు సరిసంఖ్య ఎటుంటే అటు పోతాడు. వాడి తప్పేం లేదు, బోలెడన్ని అంకెలు కూడేటప్పుడు ఆ పద్ధతే మంచిదని పొడుగాయన చెప్పారు. కానీ మన గీతలు పెద్దోడి నడకకు తగ్గట్టు రాసినవి."

కంప్యూటరు ఎందుకు తప్పు చూపించలేదో ఇంజనీరుకు అప్పుడు తెలిసింది. దాని దృష్టిలో అది తప్పు కాదు. కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. పరవాలేదండి, ఆ ఒక్క వరుస మార్చి పాత పద్ధతిలో లెక్క కట్టమని రాసేస్తాను, పది నిమిషాల పని అన్నాడు. మాట సబబుగానే ఉంది. ఇంకెవరైనా అయితే సరే అనేవాళ్ళు.

"ఆ ఒక్క వరుస మనకు కనబడింది," అంది చుక్కలక్క. "కనబడనివి ఎన్నున్నాయో మీకూ తెలీదు, నాకూ తెలీదు. పరీక్షలు అయ్యాక మీరూ నేనూ కూర్చుని వెతుకుదాం. ఇవాళ మాత్రం పదకొండేళ్ళు తప్పు చెయ్యనివాణ్ణి వెనక్కి పిలవండి."

పిలవడానికి వాడు ఉండాలి కదా. ప్రశ్నపత్రాలున్నన్నాళ్ళూ ఆ గదిలో ఫోన్లు కూడా ఉండకూడదు, ఇక పైథాన్ ఎక్కడినుంచి తెస్తారు? చుక్కలక్కకు ఆ దిగులు లేదు. కాగితపు కట్టల వెనక మూడో అరలో బిస్కెట్ల రేకుడబ్బాలు ఆరున్నాయి, పెద్దోడని రాసి ఉన్నదాంట్లో పెన్‌డ్రైవ్ ఉంటుంది తియ్యండి అంది. ఇంజనీరు వెతికాడు. డబ్బాలు ఆరూ ఉన్నాయి గానీ దేని మీదా ఏమీ రాసిలేదండి అన్నాడు. ప్రూఫ్ బాబాయి అంతసేపట్లో మొదటిసారి నవ్వాడు. లేచి వెళ్ళి, డబ్బాల మూతల మీద అతికించిన చుక్కల చీటీలు ఒక్కొక్కటే తడిమి, నాలుగో డబ్బా తీసి ఇంజనీరు చేతిలో పెట్టాడు. నీకు గుడ్డిగది అయిపోయిందయ్యా ఇది అన్నాడు. అతను తప్పుపట్టలేదు, తనూ నవ్వేశాడు.

ఇక ఆ తరవాత గంటసేపు తలుపుకు ఇవతల ఒక మనిషి, అవతల ఒక మనిషి. తెర ఒక్కసారి కూడా చూడకుండా, నోటుబుక్కు కూడా లోపలే ఉండిపోగా, చుక్కలక్క నోటితో చెబుతుంటే ఇంజనీరు చేస్తూ వచ్చాడు. వాడికి విడిగా ఒక ఫోల్డరు. కంప్యూటరు మొత్తానికీ నన్నే పెద్దదిక్కుగా ఉంచుకుంటారా అని వాడు అడుగుతాడు, వద్దనాలి, అవుననేస్తే చిన్నోడి పనులన్నీ మీదేసుకుని పాడుచేస్తాడు. తరవాత అదే పెన్‌డ్రైవ్‌లోంచి పొడుగాయన ప్రోగ్రాము పాత ప్రతి తియ్యాలి, మార్చింది వేరే పేరుతో దాచాలి, పారెయ్యకూడదు, అందులోనూ అతని కష్టం ఉంది. పాత ప్రతి మొదటి వరుసలో పెద్దోడి నంబరుందో లేదో పైకి చదవాలి. ఇంజనీరు చదివాడు. అతను ఎక్కడ తడబడితే అక్కడ ఆమె ఆగింది, ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, నేను ముందే అనుకున్నాను లాంటి మాట ఒక్కటి రానివ్వలేదు. నాకైతే వచ్చుండేది. ఆ నోటుబుక్కు సొరుగులో పడేసినందుకు అరగంట కడిగేసేవాణ్ణి. అందుకే నేను కథలు చెప్పుకుంటూ ఇక్కడున్నాను, ఆమె అక్కడుంది.

మళ్ళీ ఐదువేళ్ళ కాగితం పొడిచారు. ప్రూఫ్ బాబాయి ఐదు గీతలూ రెండేసిసార్లు తడిమాడు. గుర్తు వేసిన చప్పుడు, చిన్నగా టప్పుమని, తలుపు బయటికి వినిపించింది. చుక్కలక్క ఇంకేమీ అడగలేదు, అసలు పత్రం మొదలవకముందే కిందికి వెళ్ళిపోయింది. సూది తీసుకుని కూర్చుంది గానీ కుట్టలేదు. తల పైకెత్తి వింది. టకటక, టకటక, టకటక. నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా వ్యాను తలుపులు మూసుకున్నాయి.

మర్నాడు పొద్దున ఇంజనీరు ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పెద్దాఫీసుకు పంపే నివేదికలో ఈ కంప్యూటరును ఉన్నది ఉన్నట్టే ఉంచాలని రాశాననీ, జరిగిన పొరపాటు తనదేనని కూడా రాశాననీ చెప్పాడు. ఆ రెండో వాక్యం అక్కర్లేకపోయినా రాసినందుకు అతణ్ణి మెచ్చుకోవాలి. తరవాత కాస్త మొహమాటంగా, ఆ డబ్బాల మీది అక్షరాలు నేర్చుకోడానికి ఎన్నాళ్ళు పడుతుందక్కా అని అడిగాడు. అప్పటిదాకా అండీ అన్నవాడు అక్కా అన్నాడు. కళ్ళతో దొంగచూపులు చూడకపోతే ఆర్నెల్లు, బాబాయినడుగు, తువ్వాలు తెచ్చుకో అంది.

ఇంట్లో మాత్రం లెక్కల పరీక్షకు మిగిలిన మూడు రోజులూ చుక్కలక్కకు నరకంగా గడిచాయి. ఏం జరిగిందో కూతురికి చెప్పకూడదు. ఏదో జరిగిందని కూడా చెప్పకూడదు. గీతలు అన్న మాట నోట్లోంచి జారితే ప్రశ్నపత్రంలో గీతలున్నాయని చెప్పినట్టే. అంచేత అసలు మాట్లాడటమే మానేసింది. కూతురు పుస్తకం మీద వేళ్ళు ఆడిస్తూనే, ఏమైందే అమ్మా, ప్రెస్సులో ఎవరన్నా తిట్టారా అని అడిగింది. తల్లి కూరలో ఉప్పు మరిచిపోయింది, రెండోరోజు రెండుసార్లు వేసింది. బస్సు డ్రైవరుగా రోజంతా జనం గోల భరించే ఇంటాయన, పరీక్ష ఎవరిదో నాకర్థం కావట్లేదు, తల్లిదా పిల్లదా అన్నాడు. ఆమెను లోలోపల తొలిచేది ఒక్కటే. తను ఆ కాగితం చూడలేదు. బాబాయి వేలిని నమ్మింది, ఇంజనీరు చేతిని నమ్మింది, చప్పుడును నమ్మింది. నూట నలభై మూడింటిలో ఒక్కటైనా కుంటిదై ఉంటే?

లెక్కల పరీక్ష రోజున సెలవు పెట్టి బడి గేటు దగ్గర గోడ పక్కన నిలబడింది. పన్నెండున్నరకు గంట కొట్టారు. పిల్లలు ఒకరి భుజం ఒకరు పట్టుకుని, చేతికర్రలు తాటిస్తూ, జవాబులు పోల్చుకుంటూ, కేకలేసుకుంటూ వచ్చారు. కూతురు తల్లి చెయ్యి అందుకోగానే మొదలుపెట్టింది: చివరి లెక్క సగంలో వదిలేసిందట, టైము చాల్లేదట, సంభావ్యత ప్రశ్న ఎవరిచ్చారో గానీ వాళ్ళింట్లో అన్నం ఉడక్కూడదట. తల్లి అన్నీ వింది. పత్రం అందరి చేతుల్లోకీ వచ్చేసింది, ఇక రహస్యమేమీ లేదు. అయినా బస్టాపు దాకా నడిచాకే అడిగింది.

"బొమ్మలెలా ఉన్నాయే?"

"ఏ బొమ్మలు?"

"అదే. గ్రాఫులూ అవీ ఉంటాయి కదా. గీతలు."

"ఆ, ఒకటుంది. ఏటవాలు గీత ఇచ్చి వాలు ఎంతో చెప్పమన్నాడు. అర. అది తేలికే."

"గీత ఎలా ఉంది?"

"ఎలా ఉండటమేమిటమ్మా? గీతలాగే ఉంది. ఈ కొసన వేలు పెట్టాను, ఆ కొసకి వెళ్ళింది. గీత ఇంకేం చేస్తుంది?" అని, మళ్ళీ ఆ చివరి లెక్క సగంలో వదిలేసిన సంగతికి వచ్చేసింది.

చుక్కలక్కకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా, అక్కడే, బస్టాపు బల్ల మీద కూర్చుని ఏడ్చింది. పన్నెండేళ్ళలో ఆమె పనికి దొరికిన మెప్పు అదే, అదీ ఇచ్చిన పిల్లకు ఇచ్చినట్టు తెలీదు. కూతురు కంగారుపడి తల్లి ముఖం తడిమింది, తడి తగిలేసరికి, సగం లెక్కకే ఇంత ఏడవాలా, మిగతావన్నీ చేశాను కదా, పాసవుతాన్లే అమ్మా అని వీపు నిమిరింది.

"అవుతావులే," అంది చుక్కలక్క.